అమలాపురం శిక్షణ తరగతి: మూడు వందల రుసుముకు దక్కినదీ, దక్కనిదీ

సామాజిక మాధ్యమాల్లో కులం, మతం పేరిట జరిగే ద్వేష నేరాలను గుర్తించడం, అడ్డుకోవడం ఎలాగన్న విషయంపై ఒక స్వచ్ఛంద బృందం అమలాపురంలో ఒకరోజు శిక్షణ తరగతి పెట్టిందని తెలిసి, గత నెల రాజోలు నుంచి బస్సెక్కి, బోడసకుర్రు వంతెన దాటి వెళ్లి వచ్చాను. రుసుము భోజనంతో కలిపి 300 రూపాయలు. మా ఊరి గ్రంథాలయం వాట్సాప్ గ్రూపును మూడేళ్లుగా నేనే నడుపుతున్నాను కనుక, అందులో వచ్చే ప్రతి చెత్తకూ రేపు నేనే జవాబు చెప్పుకోవలసి వస్తుందేమోనన్న భయం కూడా నన్ను అక్కడికి నడిపించిందని ఒప్పుకోవాలి.

ఇలాంటి తరగతి ఆ ఊళ్లో ఎందుకని ఎవరూ అడగరు. కోనసీమ జిల్లా పేరులో అంబేద్కర్ పేరు చేర్చడాన్ని వ్యతిరేకిస్తూ 2022 మే 24న అమలాపురంలో సాగిన నిరసన ఒక మంత్రి ఇంటినీ, ఒక శాసనసభ్యుని ఇంటినీ తగలబెట్టేదాకా వెళ్లింది. ఆ తరువాత కోనసీమలో ఇంటర్నెట్‌ను కొన్ని రోజులపాటు నిలిపివేశారు. ఆ రోజుల్లో నేను భయపడి, ఉన్న గ్రూపులన్నింటి నుంచీ బయటికి వచ్చి, వచ్చిన సందేశాలన్నీ చెరిపేశాను. మంచిపని చేశాననే ఇన్నాళ్లూ అనుకున్నాను.

ఉదయం రెండు గంటలు న్యాయవాది ప్రసంగం. ఆయనకు విషయం తెలుసు, సందేహం లేదు. కానీ సెక్షన్ల అంకెలు చదివి, ప్రతి అంకె తరువాతా మనవైపు యాసలో ‘ఆయ్’ అని ఆగడం తప్ప, వాటిని మన ఊరి సంగతులకు ముడిపెట్టి చెప్పడానికి చాలాసేపు పూనుకోలేదు. ఆన్‌లైన్‌లో అభ్యంతరకర సందేశాలు పంపడాన్ని నేరంగా చూసిన ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015లోనే కొట్టివేసిందనీ, వర్గాల మధ్య శత్రుత్వం పెంచే మాటలకు ఇప్పుడు వర్తించేది ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 196వ సెక్షన్ అనీ, ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం 1989 నాటిదైనా ఫోను తెర మీది దూషణకూ పనికివస్తుందనీ నోట్‌బుక్కులో రాసుకున్నాను.

తరగతికి ప్రాణం వచ్చింది ఒక యువతి లేచి, యూట్యూబ్‌లో ఒక డాక్టరు వీడియో కింద కనిపించిన ‘కోటా డాక్టరు, జాగ్రత్త’ అనే వ్యాఖ్యను చదివి, ఇది నేరమేనా అని అడిగినప్పుడు. కులం పేరు ఎక్కడా లేదు, తిట్టు కూడా లేదు, అయినా ఆ మాట ఎవరికి తగలాలో వారికి తగిలింది. ద్వేషమంతా చట్టం కంటికి నేరం కాదనీ, ఎస్సీ, ఎస్టీ చట్టం కింద అయితే అవమానించాలన్న ఉద్దేశమూ, అది నలుగురి కంటా పడే చోట జరగడమూ రుజువు కావాలనీ న్యాయవాది చెప్పారు. ఆ నలుగురి కంటా పడే చోటు ఇంటర్నెట్ కూడా కావచ్చని, బాధితులు అక్కడ స్వయంగా లేకపోయినా సరేనని 2022లో కేరళ హైకోర్టు అన్న సంగతి ఆయన అప్పుడు చెప్పారు. మొదటి రెండు గంటల్లో చెప్పవలసింది ఇదే.

భోజనం తరువాతి గంటన్నరకే నేను పూర్తి మార్కులు వేస్తాను. ఒక కుర్రాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మా ఫోన్లు మా చేతులకే ఇచ్చి సాక్ష్యం సేకరించడం నేర్పాడు. మేమందరం ముందు చేసిన పని వ్యాఖ్యకు స్క్రీన్‌షాట్ తీయడం. అతను నాది చూసి, ‘ఇందులో తేదీ ఏదండీ, ఖాతా చిరునామా ఏదండీ?’ అన్నాడు. రాసినవాడి పేరు, బొమ్మ అరగంటలో మార్చేయవచ్చు. కనుక ఆ వ్యాఖ్య లింకునూ, ఖాతా లింకునూ విడిగా కాపీ చేసి పెట్టుకోవాలి. స్క్రీన్ రికార్డింగ్ మొదలుపెట్టి, ముందు ఫోనులో తేదీ, సమయం చూపించి, ఖాతా పేజీ నుంచి వ్యాఖ్యదాకా వేలితో నెమ్మదిగా జరుపుతూ రావాలి. అసలు ఫోనును భద్రంగా దాచాలి, ఎందుకంటే ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి, అది ఏ పరికరం నుంచి వచ్చిందో చెప్పే ధ్రువపత్రం భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద జతచేయవలసి ఉంటుంది. ఇవన్నీ ముగిశాకే రిపోర్ట్ మీట నొక్కాలి. ముందే నొక్కితే కంపెనీ దాన్ని తీసేయవచ్చు, అప్పుడు పోలీసులకు చూపడానికి మన దగ్గర ఏమీ మిగలదు. 2022లో నేను చెరిపేసినవి ఎవరికి పనికివచ్చేవోనన్న ఆలోచన ఆ గంటన్నరా నన్ను వదలలేదు.

రిపోర్ట్ చేసిన తరువాతి సంగతి తొందరగా ముగించారు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన ఒక తెలుగు బూతును లోగడ నేను ఒక కంపెనీకి నివేదిస్తే, ‘మా నియమాలకు విరుద్ధంగా లేదు’ అని జవాబు వచ్చింది, అంతటితో వదిలేశాను. అలాంటి జవాబు మీద 30 రోజుల్లో అప్పీలు చేసుకోవడానికి 2023 నుంచి కేంద్రం నియమించిన కమిటీలు ఉన్నాయని ఇక్కడే తెలిసింది. సైబర్ నేరాలకు 1930, ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాలకు 14566 నంబర్లను గోడమీద అంటించారు.

నాకు అసంతృప్తి మిగిల్చింది గ్రూపు నడిపేవాళ్ల సంగతి. అడ్మిన్ అయినంత మాత్రాన ఇతరుల సందేశానికి నేరస్థుడు కాడని బొంబాయి, కేరళ హైకోర్టులు చెప్పాయని విని ఊపిరి పీల్చుకున్నాను. కానీ ద్వేషపు సందేశం వస్తే ఏం చేయాలంటే, ‘పంపినవారిని తొలగించండి’ అని ఒక్క మాటతో సరిపెట్టారు. మా గ్రూపులో అవి పంపేది తెల్లవారుజామున అయిదింటికి శుభోదయం బొమ్మ పెట్టే రిటైర్డు మాస్టారు. నాకు ఎక్కాలు నేర్పినాయన. ఆయన సందేశం పైన ఉండే రెండు బాణాల గుర్తు, అంటే అది ఎన్నో చేతులు మారి వచ్చిందన్న గుర్తు, ఆయనకు కనపడదు. ఆయన్ను తీసేస్తే, అడ్డుచెప్పేవారెవరూ లేని మరో గ్రూపులో చేరతారు. ‘మాస్టారూ, ఇది మన దళితపేటవాళ్ల పిల్లలు కూడా చదువుతారండి’ అని ఆయనకు ఎలా చెప్పాలో, నలుగురిలోనా, విడిగా ఫోను చేసా, ఇద్దరిని నిలబెట్టి సాధన చేయించి ఉంటే, కోనసీమకు కావలసిన శిక్షణ అదయ్యేది.

భోజనం బాగుంది, ముఖ్యంగా పనసపొట్టు కూర. మైకు మాత్రం మధ్యాహ్నం నుంచి గుర్రుమంటూనే ఉంది. తరువాతి తరగతి రావులపాలెంలో పెడతామన్నారు. వెళ్లేవారు ఉదయం ఆలస్యమైనా మధ్యాహ్నం గంట కొట్టేసరికి అక్కడ ఉండండి, ఫోను నిండా ఛార్జి చేసుకుని మరీ వెళ్లండి, మా హాలులో పనిచేసిన ప్లగ్గులు రెండే.