విశాఖలో ఫ్రీ వైఫై: కొన్నేళ్ళు వాడాక నా రివ్యూ

నాది మెడికల్ రెప్ ఉద్యోగం. పొద్దున గాజువాక, మధ్యాహ్నం మహారాణిపేట, సాయంత్రం ఎంవీపీ కాలనీ. కంపెనీ ఇచ్చిన ట్యాబ్‌లో సిమ్ వేసే వీలు లేదు. డాక్టర్లకు చూపించాల్సిన వీడియోలు మాత్రం వారం వారం మారిపోతుంటాయి. ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేద్దామంటే రోజువారీ డేటా సాయంత్రానికే అయిపోతుంది. అందుకే కొన్నేళ్ళుగా ఊళ్ళో ఎక్కడ ఫ్రీగా దొరికితే అక్కడ వాడుతున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా: వైఫై కోసం వెతుక్కుంటూ తిరగడం దండగ. దొరికే చోటు తెలుసుకుని, పనిగట్టుకుని అక్కడికే వెళ్ళాలి. విశాఖలో ఆ చోటు రైల్వే స్టేషన్.

గూగుల్, రైల్వేవారి టెలికం సంస్థ రైల్‌టెల్ కలిసి 2016 జనవరిలో ముంబై సెంట్రల్‌లో స్టేషన్ వైఫై మొదలుపెట్టాయి. అదే ఏడాది వేసవికి వచ్చిన తొలి పది స్టేషన్లలో మనదీ ఒకటి. 2020లో గూగుల్ తప్పుకున్నా రైల్‌టెల్ ఆపలేదు. ఫోన్‌లో ‘రైల్‌వైర్’ పేరుతో కనిపిస్తుంది. మొబైల్ నంబర్ ఇచ్చి ఓటీపీ కొడితే రోజుకు అరగంట ఉచితం, వేగం 1 ఎంబీపీఎస్ దాకా. లెక్క వేస్తే అరగంటకు మహా అయితే 225 ఎంబీ దిగుతుంది. సినిమాకు చాలదు, నా ఫైళ్ళకు బాగానే సరిపోతుంది. ఇంకా కావాలంటే డబ్బు ప్లాన్లున్నాయి. 2021లో అవి మొదలైనప్పుడు పది రూపాయలకే ఒక రోజుకు 5 జీబీ ఇచ్చారు. అన్నట్టు, ఉచితమంటే పూర్తిగా ఉచితమూ కాదు. ప్రయాణం లేని నాలాంటివాడు ప్లాట్‌ఫామ్ టికెట్‌కు పది రూపాయలు పెట్టాలి.

హౌరా-చెన్నై బళ్ళకు ఇక్కడ ఇంజిన్ ఈ చివరి నుంచి ఆ చివరికి మార్చాలి కాబట్టి చాలావరకు ఇరవై నిమిషాల దాకా ఆగుతాయి. ఆ కాసేపట్లో దిగినవాళ్ళు నీళ్ళ సీసా ఒక చేత్తో, ఫోన్ ఇంకో చేత్తో పట్టుకుని “వైఫై ఎలా వస్తుందండీ?” అని అడుగుతుంటారు. చెప్పీ చెప్పీ నాకు అలవాటైపోయింది.

లాగిన్ పేజీ రాకపోతే చాలామంది అక్కడితో వదిలేస్తారు. ఫోన్‌లో వీపీఎన్ (మన డేటాను వేరే సర్వర్ మీదుగా పంపే యాప్) ఉంటే ముందు అది ఆపండి. తర్వాత సెట్టింగ్స్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్ (వెబ్‌సైట్ల అడ్రస్‌లను రహస్యంగా వెతికే సదుపాయం) ఆపి, బ్రౌజర్‌లో హెచ్‌టీటీపీఎస్ కాకుండా మామూలు హెచ్‌టీటీపీతో మొదలయ్యే ఏదైనా అడ్రస్ కొట్టండి. లాగిన్ పేజీ అలాంటి అడ్రస్‌ను మాత్రమే మధ్యలో ఆపి తాను తెరుచుకోగలదు. నాకు ఎక్కువసార్లు దీంతోనే పనైంది.

బీచ్ రోడ్డు సంగతికొస్తే, సబ్‌మెరైన్ మ్యూజియం ఎదురుగా కూర్చుని మురీ మిక్చర్ తింటూ వైఫై లిస్టు తెరిస్తే స్క్రీన్ నిండా పేర్లే. దాదాపు అన్నిటికీ తాళం బొమ్మ. హోటళ్ళవి, అపార్ట్‌మెంట్లవి. తాళం లేనిది ఒకటి కనిపిస్తే సంబరంగా నొక్కాను. కనెక్టెడ్ అంది, కింద చిన్న అక్షరాల్లో నో ఇంటర్నెట్ అంది. ఉచిత వైఫై చూపిస్తామనే యాప్‌లు కూడా వాడి చూశాను. మూతపడిన కొట్ల పాస్‌వర్డ్‌లు చూపించి, మధ్యలో యాడ్లు వేస్తాయి. తీసేశాను.

ఇక ఓటీపీ గొడవ. అమెరికా నుంచి మా బావ వచ్చినప్పుడు ఒక మాల్‌కు వెళ్ళాం. అక్కడి పేజీ పది అంకెల ఇండియా నంబరే తీసుకుంది. నిజానికి వైఫై అవసరం ఉన్నది ఆయనకే. “ఇదేం ఫ్రీ బావా” అని నా మీద పడ్డాడు. ఈ నిబంధన వెనుక కారణం లేకపోలేదు. 2008లో ఉగ్రవాదులు నవీ ముంబైలో ఎవరిదో తాళం లేని వైఫై వాడుకుని మెయిల్ పంపారు. ఆ మరుసటి ఏడాది నుంచి, వాడేవాళ్ళు ఎవరో తెలుసుకోకుండా పబ్లిక్ వైఫై ఇవ్వకూడదని టెలికం శాఖ ఆదేశించింది. దాంతో ఫోన్‌కు సిగ్నల్ లేని చోట వైఫై ఉన్నా ఓటీపీ రాదు, వాడలేం. బంధువులెవరైనా బయటి నుంచి వస్తే ఎక్కడెక్కడో తిప్పకుండా మీ హాట్‌స్పాటే ఇచ్చేయండి.

బ్యాంకు పనులు మాత్రం ఇలాంటి చోట నేను చేయను. వైఫైకి ఏ పేరైనా ఎవరైనా పెట్టుకోవచ్చు, కాబట్టి పేరు చూసి అసలుదని నమ్మలేం. ఈ సైట్ అసలుదో కాదో తేలడం లేదని బ్రౌజర్ చెప్పే సర్టిఫికెట్ హెచ్చరిక వస్తే అక్కడే ఆపేస్తాను. పనయ్యాక ఫర్‌గెట్ నొక్కేస్తాను, లేకపోతే మళ్ళీ అటు వెళ్ళినప్పుడు ఫోన్ తనంతట తానే కలిసిపోతుంది.

2020 డిసెంబర్‌లో కేంద్రం ఒప్పుకున్న పబ్లిక్ వైఫై పథకం పీఎం-వాణి మీద నాకు ఇంకా ఆశ ఉంది. టీకొట్టు, కిరాణా కొట్టు ఎవరైనా లైసెన్సు లేకుండా వైఫై పెట్టి చిన్న చిన్న ప్యాక్‌లు అమ్ముకోవచ్చు. ఉచితం కాకపోయినా నాలాంటివాడికి చవకే. మా వీధి కిరాణా ఆయనకు ఇదంతా వివరించాను. శ్రద్ధగా విన్నాడు. “పెడతాను గానీ గురువుగారూ, కుర్రాళ్ళంతా మెట్ల మీదే కూర్చుండిపోతే పప్పులు కొనేవాళ్ళు ఎటు నుంచి రావాలి?” అన్నాడు.