మెల్‌బోర్న్ తోట: ముల్లర్‌ దారా, గిల్‌ఫాయిల్‌ దారా?

1846లో మొదలైన మెల్‌బోర్న్ బొటానిక్ గార్డెన్ ఎలా ఉండాలన్నది 1870ల మొదట్లో పెద్ద గొడవ అయింది. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా అప్పట్లో బ్రిటిష్ వలస ప్రాంతం; దాని ప్రభుత్వం 1871లో విచారణకు ఒక బోర్డును వేసింది.

ఒక పక్క డైరెక్టర్ ఫెర్డినాండ్ ఫాన్ ముల్లర్. ఆయనకు తోట అంటే చదువుకునే చోటు. మొక్కలను కుటుంబాల వారీగా నాటించడం, ఎండు నమూనాలు భద్రపరచడం, దేశదేశాలకు విత్తనాలు పంపడం ఆయన పని. జలుబు చేస్తే మనం ఆవిరి పట్టుకునే నీలగిరి తైలం ఉంది కదా, యూకలిప్టస్ ఆకుల నుంచి ఆ నూనె తీయమని జోసెఫ్ బొసిస్టో అనే మందుల వ్యాపారిని ప్రోత్సహించింది ఈయనే. కానీ సాయంత్రం పిల్లలతో షికారుకొచ్చే జనానికి ఇవన్నీ ఎందుకు? వాళ్లకు పచ్చిక, పూలు, నీడ కావాలి.

ఇంకో పక్క విలియం గిల్‌ఫాయిల్, నర్సరీ నడిపే కుటుంబం నుంచి వచ్చినవాడు. 1873లో ముల్లర్‌ను తప్పించి తోటను ఇతనికి అప్పగించారు. వంపులు తిరిగే బాటలు, విశాలమైన పచ్చిక బయళ్లు, చెరువు! అడ్డొచ్చిన పెద్ద చెట్లను కూడా పెళ్లగించి వేరే చోట నాటించాడు. నీళ్ల ట్యాంకును అగ్నిపర్వతం ఆకారంలో కట్టించాడు. 1909 దాకా పదవిలో ఉన్నాడు.

అందంలో గిల్‌ఫాయిల్‌కు తిరుగులేదు, ఒప్పుకుంటాను. అయినా నా ఓటు ముల్లర్‌కే, తోట పోయినా పని ఆపలేదు కాబట్టి. ప్రభుత్వ వృక్షశాస్త్రవేత్త పదవి మాత్రం ఆయనకే ఉంచారు, తోట లేకుండా. 1896లో చనిపోయేవరకూ అందులోనే పనిచేశాడు.