పరిశోధన జనానికి అక్కరకొచ్చిందా? తేల్చడానికి బ్రిటన్ పద్ధతి మేలా, డచ్ పద్ధతి మేలా?

పేపర్లు, సైటేషన్లు (ఇతర పరిశోధకులు వాటిని ఎన్నిసార్లు ఉటంకించారన్నది) లెక్కపెట్టి పరిశోధన విలువ కట్టడం తేలిక. కానీ 1986లో విడుదలైన బాపట్ల సాంబ మసూరి, అదే బీపీటీ 5204, పండించే రైతు ఏ జర్నల్లోనూ సైటేషన్ ఇవ్వడు. అందుకే ఆ లెక్కను పక్కన పెట్టి, సమాజానికి ఏం ఒరిగిందని సూటిగా అడిగే రెండు పద్ధతుల్నే చూద్దాం.

బ్రిటన్‌లో యూనివర్సిటీల పరిశోధనను తూచే ఆర్‌ఈఎఫ్ (రీసెర్చ్ ఎక్సలెన్స్ ఫ్రేమ్‌వర్క్) మదింపు 2014లో ‘ఇంపాక్ట్’కు 20 శాతం, 2021లో 25 శాతం వెయిటేజీ ఇచ్చింది. ఏ పరిశోధన వల్ల ఎవరి బతుకులో ఏం మారిందో విభాగాలు కేస్ స్టడీలుగా రాసి, బయటి సాక్ష్యం చూపాలి. సాక్ష్యం అడగడం నాకు చాలా నచ్చింది. చిక్కల్లా మార్కులకు నిధులు ముడిపడటంతోనే. గెలిచిన కథల్నే ఏరి పంపుతారు, మిగతా పని లెక్కలోకే రాదు.

నెదర్లాండ్స్‌లో ఎస్‌ఈపీ (స్ట్రాటజీ ఎవాల్యుయేషన్ ప్రోటోకాల్) అనే మదింపు విధానం కింద ప్రతి పరిశోధన బృందం ఆరేళ్లకోసారి తన లక్ష్యాల్ని బట్టి తనే మదింపు రాసుకుంటుంది, బయటి నిపుణులు వచ్చి పరిశీలిస్తారు. పరిశోధన నాణ్యతతో పాటు సమాజానికి దాని అవసరమెంత అన్నదీ ఒక కొలమానమే. ఫలితం చేతికి రాకముందే ఎవరితో కలిసి పనిచేశారో చూపించుకునే వీలుంది.

తాగునీటిలోంచి ఫ్లోరైడ్ తీసే ‘నల్లగొండ టెక్నిక్’నే తీసుకోండి. నాగపూర్‌లోని పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ నీరీ రూపొందించిన ఈ పద్ధతికి దేశదేశాల్లో పేరుంది, కేస్ స్టడీ రాస్తే బ్రహ్మాండంగా వస్తుంది. ఇంట్లో వాడాలంటే మాత్రం ఆ నీటికి తగ్గ మోతాదులో పటిక, సున్నం వేసి, కలిపి, తేరుకునే దాకా ఆగి, అడుగున చేరిన మడ్డిని ఎక్కడైనా పారబోయాలి. రోజూ ఇదంతా చేసేదెవరు? బృందం పనిలో ఉండగానే ఈ ప్రశ్న వేసే వీలు డచ్ పద్ధతిలోనే ఎక్కువ.

ఎండాకు తెగులును తట్టుకునే మెరుగైన సాంబ మసూరి సంగతి వేరు. హైదరాబాద్‌లోని వరి పరిశోధన సంస్థ, జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ కలిసి మూడు జన్యువులు చేర్చి చేసిన రకమది, 2008లో విడుదలైంది. ఇది రెండు పద్ధతుల్లోనూ నెగ్గుతుంది. కాకపోతే విడుదలకు ముందు, ఫలితం ఇంకా తేలని ఏళ్లలో, ఆ ఉమ్మడి శ్రమకు డచ్ పద్ధతిలోనే విలువ దొరికేది.

నా ఓటు డచ్ పద్ధతికే. బ్రిటన్ నుంచి బయటి సాక్ష్యం అనే షరతు ఒక్కటీ తెచ్చుకోవాలి. మన యూనివర్సిటీలు దీన్ని పెట్టుకుంటే, మదింపు కమిటీలో ప్రొఫెసర్లతో సమానంగా ఓటున్న రైతు ఒకరు, తాగునీటి ఇంజినీరు ఒకరు కూర్చోవాలి.