కాలిఫోర్నియా సూపర్‌బైక్ స్కూల్, లెవెల్ 1: థ్రాటిల్ పాఠం ఒక్కటి చాలు

అమెరికన్ రైడింగ్ కోచ్ కీత్ కోడ్ 1980లో మొదలుపెట్టిన ఈ బైక్ రైడింగ్ స్కూలు చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లోనూ శిక్షణ ఇచ్చింది. లెవెల్ 1లో ఐదు పాఠాలుంటాయి. అన్నిటికీ ప్రాణం థ్రాటిల్ (యాక్సిలరేటర్) పాఠమే. బండి వంగి, లైన్ (మలుపులో బండి వెళ్లే దారి) కుదరగానే థ్రాటిల్ కొద్దిగా తెరవాలి. మలుపు దాటేదాకా కుదుపు లేకుండా పెంచుతూనే ఉండాలి. అప్పుడు బరువు సుమారు 40 శాతం ముందు చక్రం మీద, 60 శాతం వెనక చక్రం మీద ఉంటుంది. మధ్యలో భయపడి మూసేస్తే బరువు ముందుకొచ్చి ముందు సస్పెన్షన్ దిగుతుంది, లైన్ చెదురుతుంది.

కుడికి తిప్పాలంటే కుడి హ్యాండిల్‌ను ముందుకు నెట్టాలి, వంగాక చేతులు సడలించాలి. బండి వణుకుకు సగం కారణం బిగబట్టిన చేతులే. మోకాలు నేలకు తాకించాలన్న ఆత్రం ఉన్నవాళ్లు ఓపిక పట్టాలి, శరీర భంగిమ లెవెల్ 3లో వస్తుంది. మారేడుమిల్లి ఘాట్ ఎక్కేవాళ్లకు ముందు కావలసింది మాత్రం ఈ థ్రాటిల్ అదుపే.