పిల్లి ఉన్న ఇంట్లో మరాంటా: నాలుగేళ్ల తర్వాత

మా పిల్లి చుక్కి ఈ నాలుగేళ్లలో మరాంటా అనే ఇండోర్ మొక్క ఆకులు ఎన్ని కొరికిందో లెక్కపెట్టడం ఎప్పుడో మానేశాను. చుక్కికి ఏమీ కాలేదు, అయిందంతా మరాంటాకే. నా సమీక్ష టూకీగా ఇంతే. కానీ "ఇండోర్ ప్లాంటేనమ్మా, పెద్దగా చూసుకోనక్కర్లేదు" అని మొక్క చేతిలో పెట్టి పంపేవాళ్లు చెప్పని సంగతులు చాలా ఉన్నాయి. అందుకే ఇంత రాస్తున్నాను.

చుక్కి మా ఇంటికొచ్చింది 2021 ఎండాకాలంలో, అరచేతిలో పట్టేంత పిల్లగా. అప్పటికి మా హాల్లో కిటికీ నిండా మనీప్లాంట్ తీగలు, టీవీ పక్కన నడుమెత్తు డైఫెన్‌బాకియా ఉండేవి. ఒక సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి చుక్కి మూతి నుంచి చొంగ తీగలా కారుతోంది. ముందుకాళ్లతో మూతి రుద్దుకుంటోంది, అన్నం పెడితే వాసన చూసి వెనక్కి పోతోంది. కుండీ పక్కన సగం నమిలిన మనీప్లాంట్ ఆకు. ఆటో ఎక్కి పరిగెత్తాం.

డాక్టరు గారు నోరు కడిగి చూసి, ప్రాణభయం లేదన్నారు. ఆ ఆకుల్లో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయట. కొరకగానే నాలుకకి, గొంతుకి గుచ్చుకుంటాయి. నాకు వెంటనే కంద గుర్తొచ్చింది. కంద కోసిన రోజు అమ్మ చేతులకి చింతపండు రాసుకునేది, అదే దురద ఇది. కంద, చేమ, మనీప్లాంట్, డైఫెన్‌బాకియా, పీస్ లిల్లీ అన్నీ ఒకే కుటుంబం. వీటికన్నా అసలు భయపడాల్సింది బొకేల్లో వచ్చే పెద్ద లిల్లీలకి అని కూడా ఆయనే చెప్పారు. మనం దండల్లో కట్టే లిల్లీ కాదు, అది వేరే పువ్వు. ఆ బొకే లిల్లీ పుప్పొడి నాకినా, వాజులో నీళ్లు తాగినా పిల్లి కిడ్నీలు దెబ్బతింటాయి. మర్నాడే మా మొక్కలన్నీ పై ఫ్లోర్ ఆంటీ వాళ్ల బాల్కనీకి కాపురం మార్చాయి. మా హాలు బోసిపోయింది.

అప్పుడు వెతికితే దొరికింది ఈ మొక్క. అమెరికాలో ఏఎస్‌పీసీఏ అని జంతువుల సంక్షేమ సంస్థ ఉంది. ఏ మొక్క కుక్కలకి, పిల్లులకి విషం, ఏది కాదు అని వాళ్లు పెట్టిన జాబితాలో ప్రేయర్ ప్లాంట్, అంటే మన మరాంటాయే, రెండింటికీ విషం కాని వాటిలో ఉంది. స్పైడర్ ప్లాంట్, అరెకా పామ్ కూడా అదే జాబితాలో ఉన్నాయి, కానీ నాకు రంగు కావాలి. మొదట ఆన్‌లైన్లో 399 పెట్టి తెప్పించాను. అట్టపెట్టెలో అయిదు రోజులు ప్రయాణం చేసి, ఉడకబెట్టిన పాలకూరలా వచ్చింది. డబ్బులు వెనక్కివ్వలేదు. తర్వాత జూలైలో ఊరి బయట ఒక నర్సరీకి స్వయంగా వెళ్లి 180 రూపాయలకి తొమ్మిది ఆకుల మొక్క తెచ్చాను. అక్కడ దాన్ని కలాథియా అన్నారు, అది ఇదే కుటుంబంలో ఇంకో మొక్క. కాదు, మరాంటా ల్యూకోన్యూరా, అందులో ఎర్ర ఈనెల రకం. చిత్రమేమిటంటే ల్యూకోన్యూరా అంటే తెల్ల ఈనెలదని అర్థం. తెల్ల ఈనెల పేరు పెట్టుకుని ఎర్ర ఈనెలతో తిరుగుతోంది. సొంత ఊరు బ్రెజిల్ అడవులు. అక్కడ పెద్ద చెట్ల నీడన నేలబారున పాకుతుంది.

ఆకు గురించి చెప్పాలి. ముదురాకుపచ్చ మీద నడి ఈనె నుంచి రెండు పక్కలకీ ఎర్ర గీతలు, సన్న కుంచెతో కలంకారీ పనివాడు గీసినట్టు, వంపు కూడా ఒకేలా. నడి ఈనెకి అటూ ఇటూ లేత నిమ్మపండు రంగు మచ్చ, అంచులు రంపంలా. ఆకు తిరగేస్తే అడుగున వంకాయకీ రక్తానికీ మధ్య రంగు. కొత్త ఆకు చుట్టలా బిగించుకుని వస్తుంది. రెండు మూడు రోజులు అలాగే నిలబడి, ఒక పొద్దున విప్పుకుంటుంది. ఆ రోజు ఆకు తాకితే తడిపట్టులా ఉంటుంది. పువ్వులు కూడా పూస్తాయి, లేత ఊదా రంగులో గోరంత. వాటి కోసం ఎవరూ ఈ మొక్క కొనరు.

దీని అసలు ఆట రాత్రి. పగలంతా పళ్లెంలా పరుచుకున్న ఆకులు చీకటి పడేసరికి నిటారుగా లేచి దండం పెట్టినట్టు నిలబడతాయి. మనకి ఈ నిద్ర కొత్తేమీ కాదు. రోడ్ల పక్కన నిద్రగన్నేరు సాయంత్రానికి ఆకు ముడుస్తుంది, చింతాకు ముడుస్తుంది, అత్తిపత్తి అయితే ముట్టుకుంటేనే ముడుచుకుంటుంది. అవి తలదించుకుంటాయి, ఇది తలెత్తుతుంది, అంతే తేడా. కీలకమంతా ఆకుకీ కాడకీ మధ్య ఉన్న చిన్న ఉబ్బులో ఉంది, మన మణికట్టు అనుకోండి. అందులో ఒక వైపు కణాల్లోకి నీరు చేరి, రెండో వైపు తగ్గుతుంది. దాంతో ఆకు పైకి మళ్లుతుంది. తెల్లారితే తారుమారు. రాత్రి హాల్లో లైటు వేసి ఉన్నా టైముకి లేస్తుంది, దాని లోపల గడియారం దానికుంది. ఫ్యాను ఆపి కూర్చుంటే ఆకులు ఒకదాన్నొకటి రాసుకుని సర్రుమనే చప్పుడు వినిపిస్తుంది. ఆ చప్పుడుకి చెవులు రిక్కించి సోఫా మీంచి దూకేది ఎవరో చెప్పనక్కర్లేదు. ఏ రోజైనా ఆకులు లేవకపోతే మొక్కకి వెలుతురు చాలట్లేదని నా అనుభవం. తూర్పు కిటికీకి పల్చటి తెర వేసి దాని వెనక పెట్టాక మానకుండా లేస్తోంది. నేరుగా ఎండ పడితే మాత్రం రంగు వెలిసిపోతుంది. నీరెండ చాలు.

అమ్మ నల్గొండ నుంచి వచ్చినప్పుడు చూసి "గిదేం చెట్టే, దీనికేమన్న కాస్తదా?" అంది. కాయదు గానీ, దీని అక్క దుంప నీకు తెలుసు అన్నాను. పాలగుండ తీసేది మరాంటా అరుండినేసియా అనే మొక్క దుంప నుంచి. చిన్నప్పుడు కడుపు పాడైతే అమ్మ కాచి తాగించిన జావ ఆ పిండిదే. అప్పటి నుంచి మా ఇంట్లో దీని పేరు పాలగుండ చెల్లెలు.

ఇక గొడవల్లోకి వద్దాం. మొదటి మూడు నెలలు వానాకాలం కాబట్టి మొక్క దూసుకుపోయింది. నవంబరు నుంచి ఆకుల కొసలు గోధుమరంగుకి తిరిగి, కాగితంలా ఎండి, అంచు వెంబడి పాకడం మొదలైంది. నేను నీళ్లు తక్కువయ్యాయనుకుని ఎక్కువ పోశాను. తర్వాత ఎక్కువయ్యాయనుకుని తగ్గించాను. రెండూ కాదు. అప్పట్లో మా వంటింట్లో ఆర్వో మెషిన్ వదిలేసే నీళ్లు బకెట్లో పట్టి, వృథా ఎందుకని అవే మొక్కలకి పోసేదాన్ని. హైదరాబాదులో చాలా ఇళ్లలో ఇదే అలవాటు. పొదుపు చేస్తున్నానని లోపల గర్వం కూడా. కానీ ఆ బకెట్లోకి వచ్చేది బోరు నీళ్లలోని ఉప్పులు మరింత చిక్కబడ్డ నీళ్లు. ఆ ఉప్పులు, ఫ్లోరైడ్ వేరు నుంచి ఎక్కి, ఆకు కొసకి చేరి అక్కడే పోగుపడతాయి. ఈ కుటుంబం మొక్కలకి అది అస్సలు పడదు. నల్గొండ మనిషిని, నీళ్లలో ఫ్లోరైడ్ ఏం చేస్తుందో మా ఊళ్లో పెద్దవాళ్ల పళ్ల మీద, మోకాళ్ల మీద చూస్తూ పెరిగినదాన్ని. నాకు తట్టడానికి ఆరు నెలలు పట్టింది.

అప్పటి నుంచి మెషిన్ నుంచి వచ్చే తాగే నీళ్లే పోస్తున్నాను. వాన పడితే బాల్కనీలో తపేలా పెట్టి పట్టుకుంటాను, దానికి అమృతం అది. రాత్రంతా నిలవ ఉంచిన నీళ్లు చాలంటారు కొందరు. దాంతో క్లోరిన్ పోతుందేమో గానీ ఫ్లోరైడ్ పోదు. కాచితే ఇంకా చిక్కబడుతుంది. పాత ఆకుల కొసలు మళ్లీ పచ్చబడవు, కొత్తవి మాత్రం శుభ్రంగా వచ్చాయి. తాగే నీళ్లు మొక్కకి పోస్తున్నానని మా ఆయన ఇప్పటికీ దెప్పుతారు. వేసవిలో మూడు నాలుగు రోజులకి ఒక గ్లాసు, చలికాలంలో వారానికి ఒకటి, అంతే కదా అని నేను. వేలు మొదటి కణుపు దాకా మట్టిలో గుచ్చి, పొడిగా తగిలితేనే పోయాలి.

రెండో గండం 2022 ఏప్రిల్లో వచ్చింది. బయట 40 దాటిన ఎండ, లోపల ఏసీ. రెండూ గాలిని ఎండగట్టేవే. ఆకుల మీద దుమ్ములాంటి పసుపు చుక్కలు కనిపించాయి. తుడిస్తే పోలేదు. ఆకు తిరగేసి ఫోన్ కెమెరాతో దగ్గరగా చూస్తే సాలెగూడులాంటి సన్నటి బూజు, అందులో కదిలే ఎర్ర చుక్కలు. ఎర్రనల్లి అనే పురుగు. పొడి గాలి దానికి పండగ. మొక్కని బాత్రూమ్‌కి తీసుకెళ్లి షవర్ కింద పెట్టి, ప్రతి ఆకు అడుగూ వేళ్లతో కడిగాను. మూడు రోజులకోసారి, మూడు వారాలు. వేపనూనె కొట్టమని అందరూ అన్నారు గానీ, చుక్కి నాకే ఆకు మీద ఏదీ కొట్టదలచుకోలేదు. పోయిన ఆకులు పోయాయి, మొక్క బతికింది. ఇప్పుడు మార్చి నుంచి జూన్ దాకా దాని కాపురం ఏసీ లేని గదిలో, మరో నాలుగు కుండీల మధ్య. గులకరాళ్ల పళ్లెంలో నీళ్లు పోసి కుండీ పెట్టే చిట్కా కూడా చేశాను. చుక్కి ఆ నీళ్లు తాగడం, దోమలు గుడ్లు పెట్టడం చూసి తీసేశాను.

పెట్ సేఫ్ అనే మాట గురించి. విషం లేదంటే మేత అని కాదు. ఎక్కువ ఆకు తిన్న రోజు చుక్కి కార్పెట్ మీద పచ్చగా కక్కింది, పిల్లులు గడ్డి తిన్నా అంతే. అంతకన్నా ముఖ్యం, ఆకు సేఫ్ అయినంత మాత్రాన కుండీ సేఫ్ కాదు. నర్సరీ నుంచి వచ్చే మట్టిలో పురుగుల కోసం గుళికల మందు కలిపి ఉండొచ్చు. మా మొక్క కవర్ విప్పినప్పుడు ఎర్రమట్టిలో ఊదారంగు గుళికలు కనిపించాయి. వేర్లు నీళ్లలో జాడించి, ఆ మట్టంతా మూటగట్టి పారేశాను. పిల్లి కుండీని తవ్వే జంతువు, కాళ్లు నాక్కునే జంతువు. మీరూ ఇంటికి తేగానే మట్టి మార్చేయండి. నేను వాడింది రెండు వంతుల కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి), ఒక వంతు వర్మీకంపోస్ట్ (వానపాముల ఎరువు), ఒక వంతు పెర్లైట్ (తేలికైన తెల్ల రాతి గుళ్లు). కోకోపీట్‌లో ఉప్పు ఉంటుంది, రెండు మూడుసార్లు కడిగి పిండాకే కలపాలి. వేర్లు లోతుకి పోవు కాబట్టి వెడల్పు కుండీ మేలు. పైన తవ్వకుండా కోడిగుడ్డంత రాళ్లు పరిచాను. ఎరువు నెలకోసారి, అదీ సగం మోతాదు. ఆ రోజు కుండీ బాత్రూమ్‌లో, తలుపు గడియ.

మరాంటా ధైర్యంతో దీని చుట్టం ట్రయోస్టార్ కూడా తెచ్చాను. తెలుపు, ఆకుపచ్చ, గులాబీ రంగులు కుంచెతో విసిరినట్టుండే ఆకు. అదీ పిల్లులకి సేఫే. దాని అందానికి 650 పెట్టాను. ఒక్క ఏప్రిల్ చూసి వెళ్లిపోయింది. మన పొడి ఊళ్లలో మొదటిసారి పెంచేవాళ్లు దాని జోలికి పోకండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే చోట్ల ఉన్నవాళ్లకి నా అంత కష్టం ఉండకపోవచ్చు.

మరాంటాలో నాకు నచ్చే ఇంకో గుణం, కొమ్మ కోస్తే మొక్కవుతుంది. కణుపుకి కాస్త కింద కోసి, ఖాళీ కాఫీ సీసాలో నీళ్లు పోసి పెడితే రెండు మూడు వారాల్లో తెల్లటి వేర్లు వస్తాయి. కణుపు లేని ఆకు ఎన్నాళ్లు పెట్టినా కుళ్లుతుంది, అది నేను రెండుసార్లు చేసి నేర్చుకున్నాను. తొమ్మిది ఆకుల మొక్క ఇప్పుడు మూడు కుండీలు. చుక్కి ఒక కుండీని తనదిగా ఎంచుకుంది, ఆ కుండీ ఆకులన్నిటికీ పంటిగాట్లు. మిగతా రెండు అల్మారా మీద.

నెలల తరబడి ఊళ్లు తిరిగేవాళ్లకి, వారానికోసారి గుర్తొచ్చినప్పుడు నీళ్లు పోసేవాళ్లకి ఇది వద్దు. ఇంట్లో జంతువు ఉండి, రోజూ ఆకు తిరగేసి చూసే ఓపిక ఉంటే పెట్టుకోండి. నేనైతే అయిదుకి నాలుగు మార్కులు వేస్తాను. ఆ ఒక్క మార్కు ఏప్రిల్ నెల తీసుకుంది.

మొన్న పై ఫ్లోర్ ఆంటీ కిందికొచ్చారు. వాళ్లబ్బాయి లాబ్రడార్ పిల్లని తెచ్చాడట, కనపడిందల్లా నములుతోందట. "మీ మనీప్లాంట్లు మీరు తీసుకెళ్లిపోండమ్మా, ఆ దండం పెట్టే మొక్క కొమ్మ ఒకటివ్వండి" అన్నారు. మనీప్లాంట్లు తీసుకోలేనని చెప్పాను. కొమ్మ మాత్రం కాఫీ సీసాలో పెట్టాను. ఇవాళ చూస్తే మూడు వేర్లు వచ్చాయి, ఇంకో వారం ఆగమన్నాను.