రీస్టార్టా, రీలోడా, సిగ్నలా? టెర్మినల్ నుంచి వెబ్ సర్వర్‌ను నడిపే దారుల్లో ఏది మేలు

వెబ్ సర్వర్ కాన్ఫిగ్‌లో ఒక లైను మార్చారు. దాన్ని అమల్లోకి తేవడానికి లినక్స్ టెర్మినల్‌లో నాలుగు దారులున్నాయి. సర్వీసులను లేపి, ఆపి, కనిపెట్టుకునే సిస్టమ్‌డీకి చెప్పి చేయించడం ఒకటి: “సిస్టమ్‌సీటీఎల్ రీలోడ్”. సర్వర్‌తో పాటు వచ్చే సొంత కమాండ్ రెండోది: అపాచీకి “అపాచీసీటీఎల్”, ఇంజిన్‌ఎక్స్‌కు “ఇంజిన్‌ఎక్స్ -ఎస్”. రిక్వెస్టులకు జవాబిచ్చే వర్కర్లను నడిపే మాస్టర్ ప్రాసెస్‌కు “కిల్”తో నేరుగా సిగ్నల్ (ఒక చిన్న సంకేతం) పంపడం మూడోది. క్యాడీ లాంటి కొత్త సర్వర్లలో ఏపీఐ (ప్రోగ్రామ్‌లు పంపే ఆదేశాలు తీసుకునే దారి) నాలుగోది. (కమాండ్లను ఇక్కడ పలికినట్టు రాశాం. టెర్మినల్‌లో ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి.)

కాన్ఫిగ్ బాగున్నప్పుడు ఏ దారిన పోయినా దాదాపు ఒకటే. సెమీకోలన్ మర్చిపోయినప్పుడో, ఒక సర్టిఫికెట్‌కు ఇంకో కీ తగిలించినప్పుడో తేడా బయటపడుతుంది. అందుకే వీటిని పోల్చేటప్పుడు రెండు ప్రశ్నలు ముఖ్యం. తప్పున్నా సైటు నిలబడుతుందా? తప్పు జరిగిందన్న సంగతి ఎదురుగా ఉన్న టెర్మినల్‌లోనే తెలుస్తుందా?

రీస్టార్ట్: మాట ఒకటే, పని వేరు

చాలామంది చేతికి అలవాటైన కమాండ్ “సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్ ఇంజిన్‌ఎక్స్”. మార్పు చిన్నదైనా పెద్దదైనా అదే కొడతారు. రోజువారీ పనికి ఇది వద్దు. డెబియన్, ఉబుంటు ప్యాకేజీల యూనిట్ ఫైల్‌లో (సర్వీసును ఎలా నడపాలో సిస్టమ్‌డీకి చెప్పే ఫైలు) స్టార్ట్‌కు ముందు “ఇంజిన్‌ఎక్స్ -టి” పరీక్ష ఉంటుంది కదా, తప్పుంటే అదే పట్టుకుంటుందిలే అనుకుంటారు. పట్టుకుంటుంది, కానీ పాత సర్వర్ ఆగిపోయిన తర్వాత. రీస్టార్ట్ అంటే సిస్టమ్‌డీ లెక్కలో ముందు స్టాప్, ఆ తర్వాత స్టార్ట్. పరీక్ష ఉన్నది స్టార్ట్ భాగంలో. అది ఫెయిలైతే పాతదీ లేదు, కొత్తదీ రాదు, సైటు డౌన్. పైగా అదే యూనిట్ స్టాప్‌కు ఇచ్చే గడువు 5 సెకన్లు. అప్పటికి సగంలో ఉన్న పెద్ద డౌన్‌లోడ్లు తెగిపోతాయి.

అపాచీ సొంత “అపాచీసీటీఎల్ రీస్టార్ట్” ఇంకోలా పనిచేస్తుంది. ముందు కాన్ఫిగ్ చదివి, తప్పుంటే నడుస్తున్న సర్వర్ జోలికి పోదు. తప్పు లేకపోతే పేరెంట్ ప్రాసెస్‌ను అలాగే ఉంచి, పిల్ల ప్రాసెస్‌లను అక్కడికక్కడే ఆపి కొత్తవి పుట్టిస్తుంది. కాబట్టి జరుగుతున్న రిక్వెస్టులు తెగుతాయి, సైటు మాత్రం నిలబడుతుంది. కానీ రెడ్ హ్యాట్ కుటుంబంలో ఈ రక్షణను నమ్ముకోకూడదు. అక్కడ అపాచీసీటీఎల్ స్టార్ట్, స్టాప్, రీస్టార్ట్‌లను సిస్టమ్‌సీటీఎల్‌కే అప్పగిస్తుంది.

రీస్టార్ట్ తప్పనిసరి అయ్యే సందర్భాలు కొన్నే. ఓపెన్‌ఎస్ఎస్ఎల్ లైబ్రరీని అప్‌డేట్ చేసినప్పుడు, అపాచీలో సర్వర్‌లిమిట్, థ్రెడ్‌లిమిట్ మార్చినప్పుడు, యూనిట్ ఫైల్‌లో లిమిట్‌నోఫైల్ (తెరవగల ఫైళ్ల పరిమితి) లాంటివి మార్చి “డీమన్-రీలోడ్” కొట్టాక. మిగతా వాటిలో దాదాపు అన్నిటికీ రీలోడ్ చాలు. అపాచీ భాషలో దాని పేరు “గ్రేస్‌ఫుల్”.

రీలోడ్: ఎవరిచేత చేయించాలి?

“ఇంజిన్‌ఎక్స్ -ఎస్ రీలోడ్” కొడితే ఆ కమాండే ముందు కాన్ఫిగ్ అంతా చదువుతుంది. తప్పుంటే ఫైల్ పేరు, లైన్ నంబరుతో సహా తెరమీద చెప్పి, సిగ్నల్ పంపకుండా ఆగిపోతుంది. తప్పు లేకపోతే మాస్టర్‌కు హెచ్‌యూపీ సిగ్నల్ పంపుతుంది. మాస్టర్ కొత్త కాన్ఫిగ్‌తో కొత్త వర్కర్లను లేపి, పాత వర్కర్లకు చేతిలో ఉన్న పని ముగించుకుని తప్పుకోమంటుంది.

“సిస్టమ్‌సీటీఎల్ రీలోడ్ ఇంజిన్‌ఎక్స్” ఏం చేస్తుందన్నది యూనిట్ ఫైల్ మీద ఆధారపడుతుంది. డెబియన్ ప్యాకేజీలో అది పైన చెప్పిన కమాండ్‌నే పిలుస్తుంది. కాబట్టి తప్పుంటే “ఫెయిల్డ్” అని చెబుతుంది, వివరం “జర్నల్‌సీటీఎల్ -యు ఇంజిన్‌ఎక్స్”లో దొరుకుతుంది. ఇంజిన్‌ఎక్స్ అధికారిక సైటు ఇచ్చే ప్యాకేజీలో మాత్రం రీలోడ్ అంటే పీఐడీ (ప్రాసెస్ నంబరు) ఫైల్ చూసి హెచ్‌యూపీ పంపడం, అంతే. ముందుగా పరీక్ష ఉండదు. కాన్ఫిగ్‌లో తప్పున్నా సిస్టమ్‌సీటీఎల్ ఏమీ అనదు. మాస్టర్ కొత్త కాన్ఫిగ్‌ను తిప్పికొట్టి పాతదానితోనే నడుస్తుంది, ఎర్రర్ లాగ్‌లో ఒక లైను రాస్తుంది. సైటుకు ఇబ్బంది లేదు కాబట్టి ఎవరూ గమనించరు. నెల తర్వాత మెషిన్ రీబూట్ అయినప్పుడు ఇంజిన్‌ఎక్స్ లేవదు, ఎప్పుడో చేసిన మార్పు అప్పటికి ఎవరికీ గుర్తుండదు. మీ మెషిన్‌లో ఏ రకం ఉందో “సిస్టమ్‌సీటీఎల్ క్యాట్ ఇంజిన్‌ఎక్స్” కొట్టి ఎగ్జెక్‌రీలోడ్ లైను చూస్తే తెలిసిపోతుంది.

పరీక్ష పాసైనా రీలోడ్ ఫెయిలయ్యే సందర్భం ఒకటి దగ్గరగా చూడాలి. ఇప్పటిదాకా “లిజన్ 80” ఉంది. దాన్ని “లిజన్ 192.168.1.20:80” అని మార్చారు. “ఇంజిన్‌ఎక్స్ -టి” సక్సెస్‌ఫుల్ అంటుంది. “-ఎస్ రీలోడ్” చప్పుడు లేకుండా ముగుస్తుంది, ఎగ్జిట్ కోడ్ 0, అంటే కమాండ్ లెక్కలో తప్పు లేదు. అయినా సర్వర్ పాత పద్ధతిలోనే అన్ని అడ్రస్‌ల మీదా వింటూనే ఉంటుంది. ఎర్రర్ లాగ్ తెరిస్తే అరసెకను తేడాతో ఐదుసార్లు “బైండ్ ఫెయిల్డ్, 98: అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్”, చివర “స్టిల్ కుడ్ నాట్ బైండ్” అని ఉంటుంది. 80 పోర్టును అన్ని అడ్రస్‌ల మీదా పట్టుకున్న పాత సాకెట్ ఇంకా తెరిచే ఉంది. అది ఉండగా అదే పోర్టును ఒక్క అడ్రస్ మీద విడిగా తెరవడానికి లినక్స్ ఒప్పుకోదు. పరీక్ష దీన్ని ఎందుకు పట్టుకోలేదు? నడుస్తున్న సర్వర్ పోర్టును ఎలాగూ పట్టుకునే ఉంటుంది. ఆ కారణంగా ఫెయిలైతే ఏ పరీక్షా ఎప్పటికీ పాస్ కాదు. అందుకే “-టి” ఆ ఒక్క ఎర్రర్‌ను కావాలనే వదిలేస్తుంది. ఈ మార్పుకు మాత్రం రీస్టార్టే దారి.

ప్రాక్సీ క్యాష్ జోన్ (వర్కర్లు పంచుకునే మెమరీ భాగం) పేరు అలాగే ఉంచి దాని ఫోల్డర్ మార్చినా, లిమిట్ రిక్వెస్ట్ జోన్‌లో కీ (రిక్వెస్టులను దేన్నిబట్టి లెక్కించాలో చెప్పేది) మార్చినా ఇదే పరిస్థితి. పరీక్ష కొత్త ప్రాసెస్‌లో జరుగుతుంది, ముందున్న జోన్ సంగతి దానికి తెలియదు. జోన్‌కు కొత్త పేరు పెడితే రీలోడ్‌తోనే పని జరిగిపోతుంది.

కాబట్టి ఎగ్జిట్ కోడ్ 0 వస్తే సిగ్నల్ వెళ్లిందని మాత్రమే అర్థం. రీలోడ్ అయ్యాక “పీఎస్ -ఈఎఫ్”లో వర్కర్ల పీఐడీలు మారాయో లేదో చూడండి. మారకపోతే కొత్త కాన్ఫిగ్ అమల్లోకి రాలేదు. “వర్కర్ ప్రాసెస్ ఈజ్ షటింగ్ డౌన్” అని పాత వర్కర్లు గంటల తరబడి కనబడితే వెబ్‌సాకెట్ లాంటి పొడుగు కనెక్షన్లు వాటిని పట్టుకుని ఉన్నాయని అర్థం. రోజుకు పదిసార్లు రీలోడ్ చేసేచోట ఇలాంటివి పోగై మెమరీ తింటాయి. “వర్కర్_షట్‌డౌన్_టైమవుట్”కు ఒక గడువు పెట్టడం మంచిది.

పరీక్షల్లో ఏది గట్టిది?

ఇక్కడ ఇంజిన్‌ఎక్స్‌దే పైచేయి. దాని “-టి” సింటాక్స్‌తో ఆగదు. సర్టిఫికెట్, కీ లోడ్ చేసి జత కుదిరిందో లేదో చూస్తుంది, లాగ్ ఫైళ్లు తెరుస్తుంది, అప్‌స్ట్రీమ్‌లో (వెనకున్న సర్వర్ల జాబితా) రాసిన పేరు డీఎన్ఎస్‌లో దొరక్కపోతే చెబుతుంది. అందుకే దాన్ని సుడోతో (రూట్ అధికారంతో) నడపాలి. మామూలు యూజర్‌గా నడిపితే కీ ఫైల్ చదవలేక, లేని తప్పు చూపిస్తుంది. పెద్ద అక్షరం టి వాడితే ఇన్‌క్లూడ్ ఫైళ్లన్నీ కలిపి మొత్తం కాన్ఫిగ్ తెరమీద పోస్తుంది. “ఈ సెట్టింగ్ ఏ ఫైల్లో ఉంది” అని వెతుక్కునేటప్పుడు చాలా ఉపయోగం.

“అపాచీసీటీఎల్ కాన్ఫిగ్‌టెస్ట్” అంత లోతుకు పోదు. సర్టిఫికెట్ ఫైల్ అసలు లేకపోతే పట్టుకుంటుంది గానీ కీతో జత కుదరకపోయినా “సింటాక్స్ ఓకే” అనే అంటుంది. ఆ జత చూసే పని సర్వర్ లేచే దశలో జరుగుతుంది. ఆ మాట నమ్మి గ్రేస్‌ఫుల్ కొడితే అపాచీ పేరెంట్ ప్రాసెసే తప్పుకుంటుంది. ఇంజిన్‌ఎక్స్‌లా పాత కాన్ఫిగ్‌కు వెనక్కి వెళ్లే ఏర్పాటు దానికి లేదు. కాబట్టి అపాచీలో సర్టిఫికెట్ చేత్తో మార్చిన ప్రతిసారీ ముందు “ఓపెన్‌ఎస్ఎస్ఎల్ ఎక్స్509 -నోఅవుట్ -పబ్‌కీ -ఇన్” తర్వాత సర్టిఫికెట్ ఫైల్, “ఓపెన్‌ఎస్ఎస్ఎల్ పీకీ -పబ్‌అవుట్ -ఇన్” తర్వాత కీ ఫైల్ ఇచ్చి రెండు అవుట్‌పుట్‌లూ ఒకటేనా అని చూసుకోవాలి. పట్టేది అర నిమిషం.

డెబియన్‌లో నేరుగా “అపాచీ2 -టి” కొడితే అపాచీ_రన్_డిర్ నిర్వచించలేదని ఎర్రర్ వస్తుంది. కాన్ఫిగ్ పాడైందని కంగారు పడక్కర్లేదు. ఆ వేరియబుల్స్ ఎన్వ్‌వార్స్ అనే ఫైల్లో ఉంటాయి, వాటిని లోడ్ చేసేది “అపాచీ2సీటీఎల్”. పరీక్ష దానితోనే చేయాలి. వర్చువల్ హోస్టుల్లో ఏది ఏ పోర్టు మీద ఉందో “అపాచీ2సీటీఎల్ -ఎస్” చూపిస్తుంది, ఇక్కడ ఎస్ పెద్ద అక్షరం.

నేరుగా సిగ్నల్: పదునైన కత్తి

రెండు సర్వర్లూ ఒకే సిగ్నళ్లు వాడతాయి, అర్థాలే వేరు. ఇంజిన్‌ఎక్స్‌కు యూఎస్ఆర్1 పంపితే లాగ్ ఫైళ్లు మళ్లీ తెరుస్తుంది, అపాచీకి పంపితే గ్రేస్‌ఫుల్ రీస్టార్ట్ అవుతుంది. హెచ్‌యూపీ ఇంజిన్‌ఎక్స్‌కు మెత్తని రీలోడ్, అపాచీకి రిక్వెస్టులు తెంపే రీస్టార్ట్. విన్‌చ్ అపాచీకి గ్రేస్‌ఫుల్ స్టాప్, ఇంజిన్‌ఎక్స్‌లో మాస్టర్ ఉంటుంది, వర్కర్లు మాత్రం తప్పుకుంటాయి. టెర్మినల్ విండో సైజు మారినప్పుడు కెర్నెల్ అందులో నడిచే ప్రోగ్రామ్‌కు పంపేది కూడా ఈ విన్‌చే. అందుకే అపాచీని టెర్మినల్‌లో ఫోర్‌గ్రౌండ్‌లో నడుపుతూ, లేదా డాకర్‌లో “-ఐటీ”తో నడుపుతూ విండో మూల పట్టి లాగితే సర్వర్ దానంతటదే ఆగిపోతుంది. కారణం తెలియక లాగ్‌లు తిరగేసేవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

అపాచీకి చేత్తో సిగ్నల్ పంపితే ముందస్తు పరీక్ష ఉండదు, కాన్ఫిగ్‌లో తప్పుంటే సర్వర్ పోతుంది. “-9” అయితే అసలే వద్దు. సిస్టమ్‌డీతో సంబంధం లేకుండా చేత్తో లేపిన ఇంజిన్‌ఎక్స్ మాస్టర్‌ను అలా చంపితే వర్కర్లు అనాథలై 80 పోర్టును పట్టుకునే ఉంటాయి, కొత్తది లేవదు.

సిగ్నల్‌కు సాటిలేని పని ఒకటుంది: కనెక్షన్లు తెగకుండా ఇంజిన్‌ఎక్స్ బైనరీ మార్చడం. పాత మాస్టర్‌కు యూఎస్ఆర్2 పంపితే కొత్త మాస్టర్ పక్కనే లేస్తుంది, పాత పీఐడీ ఫైల్ పేరు చివర “.ఓల్డ్‌బిన్” చేరుతుంది. పాత మాస్టర్‌కు విన్‌చ్ పంపి, కాసేపు లాగ్‌లు చూసి, బాగుంటే దానికే క్విట్. బాగా లేకపోతే పాతదానికి హెచ్‌యూపీ, కొత్తదానికి క్విట్. సిస్టమ్‌సీటీఎల్‌లో దీనికి సమానమైన కమాండ్ లేదు.

స్టార్ట్, స్టాప్ మాత్రం సిస్టమ్‌డీకే

“సుడో ఇంజిన్‌ఎక్స్” అని నేరుగా లేపితే సైటు పనిచేస్తుంది. కానీ సిస్టమ్‌డీ దృష్టిలో ఆ సర్వీస్ ఇంకా ఇన్‌యాక్టివే. తర్వాత ఇంకెవరో “సిస్టమ్‌సీటీఎల్ స్టార్ట్” కొడితే పోర్టు ఖాళీ లేదని ఫెయిలవుతుంది. అప్పుడు “సుడో ఎస్ఎస్ -ఎల్‌టీఎన్‌పీ”తో పోర్టు ఎవరి చేతిలో ఉందో చూసి, “ఇంజిన్‌ఎక్స్ -ఎస్ క్విట్”తో చేత్తో లేపినదాన్ని ఆపి, సిస్టమ్‌సీటీఎల్‌తో లేపాలి. యూనిట్‌లో పెట్టిన ఓపెన్ ఫైళ్ల పరిమితి చేత్తో లేపినదానికి వర్తించదు, దానికి షెల్ పరిమితే వస్తుంది. దీనికి తిరుగుడు పొరపాటు కూడా మామూలే: సెక్యూరిటీ ఫోల్డర్‌లోని లిమిట్స్ ఫైల్లో సంఖ్య పెంచి, సిస్టమ్‌డీ కింద నడిచే సర్వర్‌కు అది వస్తుందని ఎదురుచూడటం. రాదు, యూనిట్‌లో లిమిట్‌నోఫైల్ పెట్టాలి.

క్యాడీ సంగతి

2020లో వచ్చిన క్యాడీ 2లో “క్యాడీ రీలోడ్” కొడితే కాన్ఫిగ్ లోకల్‌హోస్ట్ 2019 పోర్టులోని ఏపీఐకి వెళ్తుంది, కొత్త కాన్ఫిగ్ నిలబడిందో లేదో జవాబు వచ్చేదాకా కమాండ్ ఆగుతుంది. నిలబడకపోతే పాతదే కొనసాగుతుంది, కారణం అక్కడే కనిపిస్తుంది. మొదట్లో అడిగిన రెండు ప్రశ్నలకూ అన్నిటికన్నా మంచి జవాబు ఇదే. ఒక జాగ్రత్త కావాలి: ఆ పోర్టును అదే మెషిన్‌లోని ఏ యూజరైనా తాకగలడు. పదిమంది పంచుకునే సర్వర్‌లో దాన్ని యునిక్స్ సాకెట్‌కు మార్చాలి. అలాగే ఏపీఐతో నేరుగా చేసిన మార్పును తర్వాతి “సిస్టమ్‌సీటీఎల్ రీలోడ్ క్యాడీ” క్యాడీఫైల్‌తో చెరిపేస్తుంది. రెంటిలో ఒక పద్ధతికే కట్టుబడాలి.

అపాచీ, ఇంజిన్‌ఎక్స్ నడిపేవాళ్లకు నా ఓటు జంట కమాండ్‌కే. పరీక్ష సర్వర్ సొంత కమాండ్‌తో, రీలోడ్ సిస్టమ్‌సీటీఎల్‌తో, మధ్యలో రెండు ఆంపర్‌సాండ్లు: “సుడో ఇంజిన్‌ఎక్స్ -టి && సుడో సిస్టమ్‌సీటీఎల్ రీలోడ్ ఇంజిన్‌ఎక్స్”. పరీక్ష ఫెయిలైతే రెండోది నడవనే నడవదు, మీ యూనిట్ ఏ రకమైనా భయం లేదు. సర్టిఫికెట్లను రెన్యూ చేసే సెర్ట్‌బాట్ “--డిప్లాయ్-హుక్”లోనూ ఇదే పెట్టండి, హుక్‌లో సుడో అక్కర్లేదు. సర్టిఫికెట్ నిజంగా రెన్యూ అయినప్పుడే అది నడుస్తుంది. హుక్ లేకపోతే డిస్క్ మీద కొత్త సర్టిఫికెట్ ఉన్నా సర్వర్ మెమరీలో ఉన్న పాతదాన్నే చూపిస్తూ, గడువు తీరిన రోజున బ్రౌజర్లలో హెచ్చరిక తెప్పిస్తుంది.