చెల్లా షేవింగ్ సబ్బు: నురగ వెనుక ఉన్న పదార్థాలు

ఇటలీలోని మిలాన్ నగరంలో 1899లో పుట్టిన చెల్లా సంస్థ ఎర్ర డబ్బాలో అమ్మే షేవింగ్ సబ్బు పనితనం సగం దాని పదార్థాల జాబితాలోనే తెలిసిపోతుంది. స్టియరిక్ ఆమ్లం (కొవ్వుల నుంచి తీసే మైనంలాంటి పదార్థం), కొబ్బరినూనె, పశువుల కొవ్వు ఇందులో ప్రధానమైనవి. గడ్డం గీసుకోవడం పూర్తయ్యేదాకా చెదరకుండా నిలిచే చిక్కటి, సన్నని బుడగల నురగ స్టియరిక్ ఆమ్లం, కొవ్వుల చలవే. కొబ్బరినూనె ఆ బుడగలను త్వరగా లేపుతుంది గాని, అది మోతాదు మించిన సబ్బులు చర్మాన్ని పొడిబారుస్తాయి. నూనెలను, కొవ్వులను సబ్బుగా మార్చేది క్షారం; స్నానపు సబ్బును గట్టిగా ఉంచేది సోడియం క్షారమైతే, నీటిలో తేలికగా కరిగే మెత్తని సబ్బునిచ్చేది పొటాషియం క్షారం. ఇందులో రెండూ ఉన్నాయి కనుకనే వేలితో నొక్కితే గుంటపడే ఈ ముద్దను గోరంత తీసి, తడి బ్రష్‌తో తిప్పుతూ చుక్క చుక్కగా నీళ్లు కలిపితే గడ్డపెరుగులా చిక్కబడి మెరుస్తుంది. బోరు నీళ్లు వాడేవారు ఒకటి గమనించాలి: కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్న నీటిలో ఎంత మంచి సబ్బయినా తెట్టు కడుతుంది, కాబట్టి ఫిల్టర్ నీళ్లు కాసిని వాడటం మేలు. బాదం వాసన ఘాటుగానే ఉంటుంది. నాకు అది నచ్చింది. జంతువుల కొవ్వు వద్దనుకునేవారు మాత్రం ఈ ఎర్ర డబ్బా జోలికి పోకూడదు.